విశ్రాంతమ్మక్కకు మేమిచ్చిన బండి

విశ్రాంతమ్మక్కను పాడు చేసింది మేమే. ఈ మాట మా సంఘంలో ఎవరూ ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే బండి కొనిద్దామని ముందు లేచి చెప్పింది నేనే.

టేకులపల్లిలో మా చర్చికి ఆమె బైబిల్ స్త్రీ. ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేయడం ఆమె పని. భుజాన గుడ్డ సంచి, కాళ్లకు రబ్బరు చెప్పులు. పొద్దున బయల్దేరితే అడవి అంచు పల్లెలన్నీ చుట్టి పొద్దుగూకేసరికి ఇల్లు చేరేది. అప్పుడు సన్నగా, వెదురు కర్రలా ఉండేది. వెళ్లిన ప్రతి ఇంట్లో టీ ఇచ్చేవాళ్లు, రెండేసి చెంచాల చక్కెరతో. రోజుకు ఎనిమిదో, తొమ్మిదో. అవన్నీ నడకలోనే కరిగిపోయేవి.

"అన్ని టీలెందుకు? వద్దనొచ్చు కదక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఒకప్పుడు మనను గ్లాసు ముట్టనియ్యని ఇండ్లు శాంతీ అవి. ఇయ్యాల వాళ్ల గ్లాసులనే పోసిస్తుంటే వద్దని నేనెట్లంట?" అంది.

రెండువేల మూడులో సంఘమంతా కలిసి ఆమెకు మోపెడ్ కొనిచ్చాం. నిజం చెప్పాలంటే, యాభై దాటిన మనిషి ఎండలో కాళ్లీడ్చుకుంటూ వస్తుంటే మాకే నామోషీగా ఉండేది. బండికి దండ వేసి, ప్రార్థన చేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. "ఇగ నువ్వు నడవొద్దక్కా, నడిస్తే మాకు చిన్నతనం" అని పెద్ద మాట కూడా అన్నాను.

బండితో ఊళ్లు పెరిగాయి, ఇళ్లు పెరిగాయి, టీలూ పెరిగాయి. పదహారు, పదిహేడు. వీధి చివర పాల ప్యాకెట్‌కు కూడా బండే. సాయంత్రం సీరియళ్లన్నీ అయ్యాక అన్నం, అన్నం కాగానే పడక. రవికలు కుట్టే సాబిర్ కొలతలు మార్చలేక విసుక్కున్నాడు. మేమేం చేశాం? "అక్క మంచిగైంది, దేవుని కృప" అని మురిసిపోయాం. ఒళ్లొస్తే ఆశీర్వాదమనుకునే తెలివి మాది.

కొత్తగూడెంలో డాక్టరు మాత్రం గట్టిగానే తిట్టాడు. తొంభై ఒక్క కిలోలు, బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు. "టీలు పెరిగినయ్, నడక పోయింది. చక్కెర బందుజెయ్యి, రోజూ కొంచెం నడువమ్మా" అన్నాడు. ఆమె తలూపింది. మర్నాడు మళ్లీ బండెక్కింది. నేను చూసి కూడా ఏమీ అనలేదు.

బండి పోలేని చోటు ఒక్కటే ఉంది. వాగు అవతల, గుట్ట మీది తండా. అక్కడ రూప్లి ఉండేది. చాలా ఏళ్ల కింద అడవి దారిలో ఎండదెబ్బకు పడిపోయిన అక్కను ఇంటికి మోసుకెళ్లి బతికించిన మనిషి. తన పిల్లలకు వట్టి డికాషను పోసి, ఇంట్లో ఉన్న చక్కెరంతా అక్క గ్లాసులో వేసేదట. "నువ్వు పోయేనాడు నీ చెయ్యి నేనే పట్టుకుంట" అని అక్క ఆమెకు మాటిచ్చింది. బండి వచ్చాక ఆ గుట్ట ఎక్కడం నెలకోసారైంది, తర్వాత పండక్కోసారి, తర్వాత అసలు లేదు.

రెండువేల ఏడు ఎండాకాలంలో రూప్లి కొడుకు లాలు చర్చి దగ్గరికి పరుగున వచ్చాడు. "పెద్దమ్మా, మా యాడి పొద్దుగూకేదాంక ఉండేటట్టు లేదు. నిన్నే అడుగుతుంది. జల్దీ రా." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

నేనూ వెంట వెళ్లాను. వాగు దాకా బండ్ల మీద పోయాం. ఎండిన వాగు దాటి, నా భుజం పట్టుకుని ఆమె గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. పది అడుగులు, ఆగడం. మళ్లీ పది. సగం కూడా కాకముందే ఒక బండరాయి మీద కూలబడింది. ఊపిరి అందడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. లేవబోయి మళ్లీ కూర్చుంది.

"ఈ బాట నేను పాటలు పాడుకుంట ఎక్కిన బాటరా శాంతీ" అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నడవొద్దన్న నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

అక్క రాలేకపోతోందని చెప్పడానికి లాలు పైకి పరుగెత్తాడు. గంట తర్వాత నలుగురు మనుషులు మంచం మోసుకుంటూ దిగుతూ కనిపించారు. "ఆమె రాకుంటే నేనే పోత, మోయుండ్రి" అందట రూప్లి.

మంచం మా ముందు దించేసరికి రూప్లి ప్రాణం పోయింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. అక్క ఆ చెయ్యి పట్టుకుని, ప్రార్థన మాటలు కూడా రాక, "నేను రావాల్సింది రూప్లీ, నేనే రావాల్సింది" అంటూ ఉండిపోయింది.

కాసేపటికి లాలు కళ్లు తుడుచుకుని, మంచం కోడుకు కట్టిన స్టీలు క్యాను విప్పాడు. మూతలో టీ పోసి ఆమె ముందు పెట్టాడు.

"తాగు పెద్దమ్మా. అక్క ఎండల కూసున్నది, చక్కెర ఎక్కువేసి పట్టుకరమ్మని బయలెల్లేటప్పుడు యాడే చెప్పింది."

విశ్రాంతమ్మక్క నా వైపు చూసింది. రూప్లి చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో మూత అందుకుని చివరి చుక్క దాకా తాగింది.