మూడో పిలుపు

దయ్యాలూ గాలిసోకులూ నేనెప్పుడూ నమ్మలేదు. హైకోర్టు జడ్జిగా రిటైరయ్యాను కాబట్టి అలా అంటున్నాననుకోకండి. అంతకుముందే నేను దర్శిలో గుడ్డల దుకాణంలో పెరిగినవాణ్ణి. చీర ధర విని "అబ్బో, మాకొద్దు" అంటూ మెట్లు దిగే మనిషి నిజంగానే వెళ్ళిపోతోందో, వెనక్కి పిలుస్తామని నెమ్మదిగా దిగుతోందో మా నాయన ఆమె వీపు చూసి చెప్పేవాడు. ఆ విద్య నాకూ అబ్బింది.

లా చదువు తర్వాత వచ్చింది. బోనులో అబద్ధం చెప్పే సాక్షిని పట్టుకోవడం ఏ పుస్తకమూ నేర్పలేదు, దుకాణమే నేర్పింది. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, మీరు కాస్త దిగండి, వాళ్ళు కాస్త ఎక్కుతారు అని రాజీ చేయించడం నాకు మహా సరదా. ప్లీడర్లు నా వెనక 'బేరాల జడ్జి' అనేవారట. ఆ బిరుదుతోనే మున్సిఫ్ నుంచి హైకోర్టు దాకా నెట్టుకొచ్చాను. నా చెవులను నేను అనుమానించాల్సి వచ్చింది ఒక్కసారే.

అప్పుడు మార్కాపురంలో మున్సిఫ్‌గా ఉన్నాను. ఓబులమ్మ అనే ముసలామె దావా ఒకటి నడుస్తోంది. ఆమెది పుల్లలచెరువు దగ్గర, అడవి అంచున ఒక పల్లె. భర్త పోయాక, ఆమె ఉంటున్న ఇల్లు తనదేనని మరిది పట్టుబట్టాడు. దావా తేలేదాకా ఇంటి జోలికి పోవద్దని కోర్టు ఉత్తర్వు ఉంది కాబట్టి ఆగాడు. గోడలు పడగొట్టడానికి మనుషులను కూడా మాట్లాడి పెట్టుకున్నాడని ఆమె ప్లీడరు మొరపెట్టుకున్నాడు.

ఓబులమ్మ అప్పటికే కొన్ని వాయిదాలకు రాలేదు. ఈసారీ రాకపోతే దావా కొట్టేస్తానని నేనే గట్టిగా చెప్పాను. దావా పోతే ఉత్తర్వు పోతుంది, ఉత్తర్వుతో పాటు ఇల్లూ పోతుంది.

కోర్టులో కక్షిదారు పేరును బంట్రోతు వరండాలో నిలబడి మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకూ పలక్కపోతే రానట్టే లెక్క. ఆ ఉదయం మా బంట్రోతు మస్తాన్ గొంతెత్తి పిలిచాడు. ఒకసారి, రెండుసార్లు. ఎవరూ పలకలేదు. కబురేమీ లేదని ఆమె ప్లీడరు చేతులు నలుపుకున్నాడు. నేను కలం తీశాను.

మస్తాన్ మూడోసారి పిలిచాడు. వెంటనే వరండాలోంచి ఒక బొంగురు ఆడగొంతు స్పష్టంగా వినిపించింది.

"ఈడనే ఉండా నాయనా!"

"రమ్మను" అన్నాను.

మస్తాన్ తలుపు దగ్గర అయోమయంగా నిలబడ్డాడు. "ఎవర్ని సార్? ఎవురూ పలకలేదు గదా."

ప్లీడర్లు నా ముఖం వంక చూస్తున్నారు. ఆ గొంతు వాళ్ళెవరూ విన్నట్టు లేదు. నాకు వినిపించిందని జడ్జి కుర్చీలో కూర్చుని ఎలా చెప్పను? భోజనం తర్వాత మళ్ళీ పిలుద్దామని కేసు పక్కన పెట్టించాను. మరిది తరఫు ప్లీడరు, అయ్యగారు మళ్ళీ బేరం మొదలుపెట్టారన్నట్టు నవ్వాడు.

మధ్యాహ్నం ఓబులమ్మ వచ్చింది. ఒళ్ళంతా దుమ్ము. ఎర్రగొండపాలెం దాటాక బస్సు చెడిపోయిందట. వెంట అదే పల్లె మనిషి, ఒక నడివయసు ఆడమనిషి ఉంది. ఇంత ఆలస్యమేమిటని అడిగితే ఓబులమ్మ నా మీదే ఎగిరింది.

"పలికినా గదా సామీ! మీ మనిషి పిలిస్తా ఉండె, పలికితి. మళ్ళా ఆలీసం అంటావేంది?"

కోర్టు గొల్లుమంది. "బస్సులోంచి పలికిందంట సార్!" అన్నాడు మరిది ప్లీడరు.

ఆమె వెంట వచ్చిన మనిషి సిగ్గుపడుతూ ముందుకొచ్చింది. "నిజమే సామీ. బస్సు ఆగిపోతే రోడ్డు పక్కన కూసోనుంటిమి. ఈయమ్మ ఉన్నట్టుండి లేసి 'ఈడనే ఉండా నాయనా' అని అరిసింది. ఎవురికి చెప్తాండావే పిన్నీ అని మేమంతా నవ్వితిమి."

"మొదటి పిలుపుకే పలకొచ్చు కదమ్మా?" అని అడిగాను.

"అడివి పక్క ఊరోల్లం నాయనా. ఊరికే పేరు ఇనపడితే మొదుటి రెండుసార్లకీ పలకం, ఏది పిలుస్తాదో ఏమో. మనిసైతే మూడోసారీ పిలుస్తాడు."

ఆమె సాక్ష్యం ఆ పూటే తీసుకున్నాను. ఎదురు ప్లీడరు ఎంత గుచ్చి అడిగినా తడబడలేదు. దావా గెలిచింది. ఆ గెలుపు సాక్ష్యం బలంతో వచ్చిందే, దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు.

ఇన్నేళ్ళలో నన్ను నేనే ఎన్నోసార్లు క్రాస్ ఎగ్జామిన్ చేసుకున్నాను. వరండాలో ఇంకెవరో ఆడమనిషి పలికి ఉండొచ్చు. ఓబులమ్మ అలసటతో కలవరించి ఉండొచ్చు. విడివిడిగా రెండూ ఒప్పుకుంటాను. కానీ నేను విన్న మాట ఎవరికీ చెప్పకముందే, ఆ మాటనే, అక్షరం పొల్లుపోకుండా, కోర్టులో అందరి ముందూ ఆ రెండో మనిషి చెప్పింది. ఆమెకు అబద్ధమాడే అవసరం లేదు. అబద్ధమైతే నాకు తెలిసేది.

నేను ఇచ్చిన ప్రతి ఉత్తర్వుకూ కారణం రాశాను. కారణం లేని ఉత్తర్వు చెల్లదని కింది కోర్టులకు హైకోర్టు నుంచి చీవాట్లు కూడా పెట్టాను. ఆ ఉదయం దావా కొట్టేయకుండా ఎందుకు ఆగానో మాత్రం ఈ రోజు అడిగినా రాయలేను. ఓబులమ్మ ఆ ఇంట్లోనే బతికి, ఆ ఇంట్లోనే కన్నుమూసిందని తర్వాత తెలిసింది.