సర్వరుకి కొత్త పండగ

మా టీచరమ్మ పోయారని సాలూరు నుంచి ఆవిడ కోడలు ఫోన్ చేసేసరికి నేను అరకులో మా సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నాను. మరో రెండు వారాల్లో కాఫీ పళ్ళ కోత మొదలు. ఈలోగా మా రైతుల వెబ్ అప్లికేషన్ని కొత్త వెర్షన్లోకి మార్చాలి. ఆవిడ మంచాన పడ్డారు కాబట్టి ఈ పని మొదటిసారి నేనొక్కదాన్నే చేస్తున్నాను. తప్పు చేస్తే రైతుల పంట పోతుంది. ఫోన్ పెట్టేశాక అరగంట దాకా స్క్రీన్ మీద ఏముందో నాకు కనబడలేదు.

ఆవిడ సాలూరు మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. మా కొండల్లో కాఫీ రైతుల సంఘానికి ఈ అప్లికేషన్ రాసిచ్చింది ఆవిడే. ఏ ఊళ్ళో ఈరోజు పళ్ళు కోశారో అందులో నమోదు చేస్తే జీపు అక్కడికి వెళ్తుంది. కోసిన పండు ఆరోజే గుజ్జు తీసే యూనిట్‌కి చేరాలి, లేదంటే పులిసిపోతుంది. ఇంత కాఫీ మధ్య తిరుగుతూ ఆవిడ మాత్రం ఫ్లాస్కులో టీ తెచ్చుకునేవారు. ఏటి టీచరమ్మా ఇది అని ఏడిపిస్తే, మీ కాఫీ అమ్ముకోడానికి గానీ నేను తాగీడానికా అనేవారు.

ఆవిడ దగ్గర చేరిన మొదటి ఏడు నేను చేసిన నిర్వాకం ఒకటుంది. సరిగ్గా కోతల మధ్యలో, మేం వాడుకునే ఒక లైబ్రరీకి, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్‌కి, కొత్త వెర్షన్ వచ్చిందని, అప్లికేషన్ తన లైబ్రరీలతో సహా నడిచే గది లాంటి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనే తిన్నగా ఎక్కించేశాను. ఎంతసేపు, బేగి అయిపోద్దనుకున్నాను. అప్లికేషన్ పడుకుంది. వెనక్కి తెద్దామంటే ముందున్న వెర్షన్లేవో గుర్తు లేవు. మా మేనమామ ఊరివాళ్ళు బస్తాలు రోడ్డు పక్కన పెట్టుకుని చీకటి పడేదాకా చూశారట. జీపు వెళ్ళలేదు. పళ్ళన్నీ పాడయ్యాయి.

మర్నాడు మొదటి బస్సుకే టీచరమ్మ దిగారు. తిడతారని తల దించుకుని నిలబడ్డాను. ఆవిడ టీ పోసుకుని, ఎప్పటిలాగే గుంటా, అంటే పిల్లా అని పిలిచి, తాపీగా అడిగారు.

"గుంటా, మీ ఊళ్ళో కొత్త కందులు పండగ సెయ్యకుండా తింటారేటి?"

తినం. కొండల్లో ఎవరూ తినరు. కొత్త పంటని దేవతకి పెట్టి, కొత్త పండగ చేశాకే నోట్లో పెడతాం. అంతదాకా పాత గింజలే వండుకుంటాం.

"మరి ఇన్ని ఊళ్ళకీ రుచి సూడకుండా ఎలాగ పెట్టీసేవు?"

ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి. మా పండగ ఆవిడది కాదు. అయినా ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. మార్పు చెయ్యాలంటే పాత ఎన్విరాన్‌మెంట్ జోలికి పోకూడదు. పక్కనే ఇంకోటి కట్టాలి. కావలసిన లైబ్రరీలన్నీ వెర్షన్లతో సహా జాబితా రాసి దాన్లో ఎక్కించాలి. వారం రోజులు మేమిద్దరమే నడిపి చూసి, అప్పుడు రైతుల్ని అందులోకి మార్చాలి. తేడా కొడితే పాతది ఎలాగూ ఉంటుంది, నిమిషంలో వెనక్కి వచ్చేయొచ్చు. అలా కట్టినవాటికి పేర్లు కూడా మా పండగలవే పెట్టేవారు: మామిడికొత్త, కొర్రకొత్త, కందికొత్త. నాకు వదిలేస్తే కొత్తది, అసలు కొత్తది, ఇదే కొత్తది అని పెట్టేదాన్నని నవ్వేవారు. సంత రోజు మార్పులు చెయ్యనిచ్చేవారు కాదు. పైఊళ్ళవాళ్ళు ఎక్కువమంది సిగ్నల్ ఉన్నచోటికి దిగేది ఆ రోజే కదా. ఆదివారం చర్చి, సరేసరి.

"ఎనక్కి రాడానికి దారి ఉంచుకునే ముందుకెళ్ళాల" అని ఎన్నిసార్లు అన్నారో. ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు ఆవిడ మీద కోపం వస్తోంది. చెప్పినావిడ అలాగే వెళ్ళారా మరి?

సాలూరులో ఆవిడ్ని భూస్థాపన చేసిన మర్నాడు మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నేను ఏడుస్తున్నానని పళ్ళు పండకుండా ఆగవు. కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టాను. లైబ్రరీలు ఒక్కోటీ ఎక్కాయి. ఒక్కటి మాత్రం మొరాయించింది. దాని వెర్షన్ మారిస్తే గానీ కుదరదు. ఆవిడ రాసిన జాబితాలో దాని పేరున్న ఆఖరి లైనుకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ లైను దాకా వెళ్ళే పని నాకెప్పుడూ పడలేదు. పక్కన ఆవిడ రాసిన ముక్క ఉంది.

"గుంటా, దీన్ని మార్చేముందు నన్ను ఓపాలి అడుగు."

అడిగాను. గదిలో ఎవరూ లేరు, పైకే అడిగాను. తర్వాత మార్చాను. వారం రోజులు ఒక్కదాన్నే నడిపి చూసి, రైతుల్ని అందులోకి మార్చాను. కోత మొదలైన రోజున జీపు వెళ్ళాల్సిన ప్రతి ఊరికీ వెళ్ళింది, పళ్ళు పొద్దుండగానే కింద యూనిట్‌కి చేరాయి.

జాబితాలో ఇప్పుడు ఆ వెర్షన్ అంకె వేరు. పక్కన ఆవిడ మాట మాత్రం తియ్యలేదు. కొత్తది కట్టినప్పుడల్లా కంప్యూటర్ ఆ లైను దాకా వస్తుంది, అంకె చదువుకుంటుంది, ఆ మాటని దాటేసి పోతుంది. మనుషుల కోసం అలా పక్కన రాసినవి అది చదవదు. నేను చదువుతాను.