ఉపవాస కూడికలో నురగ కాఫీ

మీరు కాఫీ తాగుతూ ఇది చదువుతుంటే దయచేసి గ్లాసు కింద పెట్టండి. నేను చెప్పబోయేది పన్నెండు మంది ఆడవాళ్ళకు, అదీ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని వాళ్ళకు, నా చేతుల మీదుగా జరిగిన ఘోరం. కంగారు పడకండి, అందరూ నిక్షేపంగా ఉన్నారు. ప్రతి ఆదివారం చర్చిలో కనబడతారు కూడా. కాకపోతే నేను ట్రే పట్టుకుని ఎదురొస్తే ఇప్పటికీ పక్క వరసలోకి జరుగుతారు.

నాది రాజంపేట. పెళ్ళయి నందికొట్కూరు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో మా అత్త కరుణమ్మ నన్ను ఒక్కసారి కూడా పొయ్యి వెలిగించనివ్వలేదు. ఉల్లిగడ్డలు కోయమనేది, చెనక్కాయలు ఒలవమనేది, బియ్యంలో రాళ్ళు ఏరమనేది. గరిటె పట్టుకోబోతే మాత్రం, "నువ్వు కూచో పాపా, నేను చేస్తాండా గదా" అనేది. ఆమె తప్పేమీ లేదు లెండి. కాపురానికి వచ్చిన మొదటి వారం నేను కెలికిన సంగటిలో కట్టె దిగబడిపోయింది. గిన్నె, కట్టె, సంగటి మూడూ కలిసి ఒకే వస్తువైపోయాయి. దాన్ని విడదీయడానికి మా మామ పెరట్లో ఒక పూట పనిచేశాడు.

నవ్వుతూ చెబుతున్నాను గాని, లోపల బాధగానే ఉండేది. కోడలిగా ఇంట్లో అడుగు పెట్టాను, వంటింట్లో ఇంకా పెట్టలేదు. రోజూ ఎవరో వండింది తిని చేయి కడుక్కుని రావడం చుట్టానికి బాగుంటుంది, కోడలికి బాగుండదు.

అలాంటి రోజుల్లో మా ఇంటికి కాఫీ మిషను వచ్చింది. మా ఆయన బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు ఇంటికి వచ్చేవాడు. ఆఫీసు ఆటల పోటీల్లో ఏదో గెలిస్తే బహుమతిగా ఇచ్చారట. అందులో నీళ్ళు పోసి, బొటనవేలంత కాఫీ డబ్బీ ఒకటి లోపల పెట్టి, మూత నొక్కి, మీట నొక్కితే, కాసేపు గుర్రు పెట్టి ఒక చిన్న గ్లాసు కాఫీ కక్కుతుంది. ఒక డబ్బీకి ఒక గ్లాసే. బతిమాలినా రెండోది పోయదు. మాది తరతరాలుగా టీ తాగే ఇల్లు. అయినా మా అత్త దాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టి, తన చేత్తో అంచులు కుట్టిన గుడ్డ కప్పింది. వచ్చినవాళ్ళందరికీ గుడ్డ తీసి చూపించి, "దీని పని మా కోడలికి ఒక్కదానికే తెలుసు" అనేది. నాకు తెలిసిన పని ఏమిటయ్యా అంటే మీట నొక్కడం. ఆ మాట వింటే మాత్రం నా తల దూలానికి తగిలేది.

మా చర్చి ఆడవాళ్ళు నెలకోసారి శనివారం ఉపవాస కూడిక పెట్టుకుంటారు. ఒక్కో నెల ఒక్కో ఇంట్లో. పొద్దున్నుంచి ఏమీ ముట్టకుండా పాటలు, వాక్యం, ప్రార్థన. సాయంత్రం నాలుగింటికి ఆఖరి ప్రార్థన అయ్యాక, ఆ ఇంటి ఆడమనిషి ఇచ్చిన దానితో ఉపవాసం విడుస్తారు. ప్రార్థన కాకముందు ఇంట్లో ఎవరూ, వండేవాళ్ళతో సహా, రుచి కూడా చూడకూడదు. ఈ చివరి నియమం గుర్తు పెట్టుకోండి. నా ప్రాణం తీసింది అదే.

ఆ నెల మా ఇంటి వంతు. ముందు ఆదివారమే మా అత్త చర్చి మెట్ల మీద ప్రకటించేసింది: "ఈతూరి మా ఇంట్లో మిషను కాఫీ. మా కోడలు పోస్తాది."

ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సునందా, ఈతూరి నీ చేతికిస్తాండా. పదిమందిలో నా మాట నిలబెడితివా, ఆ పొద్దుట్నుంచి పొయ్యి నీది."

"మీరు నిమ్మళంగా ఉండండత్తా" అన్నాను, సగం చర్చి కట్టించినంత ధీమాగా.

శనివారం మధ్యాహ్నం మూడింటికి డబ్బీల పెట్టె తెరిచాను. ఆరే ఉన్నాయి. మిగతావి మా ఆయన (ఆ వారం ఇంటికి రాలేదు, బతికిపోయాడు) వచ్చినప్పుడల్లా తాగేసి, ఖాళీ అర తెలియకుండా పైన అట్ట సర్ది పెట్టాడు. హాల్లో పన్నెండు మంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను గాని, కోడలి కాఫీ కొడుకు తాగేయడం ఏ సామెతలోనూ లేదు.

ఫోను తీశాను. మీకూ గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఎవరి ఫోను చూసినా నురగ కాఫీయే. కాఫీ పొడి, చక్కెర, వేడినీళ్ళు సమానంగా కలిపి గిలక్కొడితే మీగడలా పొంగుతుంది. చల్లటి పాల మీద రెండు గరిటెలు వేసి ఇస్తే చాలు. కొంచెం కాఫీ, బోలెడు నురగ. నాకు కావలసింది అదే కదా! టీ తాగే ఇంట్లో కాఫీ పొడి ఎక్కడిది? పొడి లేకపోతే ఏం, మిషను కాఫీ ఉంది కదా అనుకున్నాను. పొడికీ, పొడిలోంచి దిగిన నీళ్ళకీ తేడా ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త మిషను పట్టినమ్మ అసలేమీ ఎరగదు.

ఆరు డబ్బీలూ వరసగా పిండాను. చక్కెర పోశాను. స్పూనుతో తిప్పాను. రాలేదు. ఫోర్కుతో కొట్టాను. రాలేదు. ఆఖరికి మజ్జిగ కవ్వం దించి, చీర కొంగు దోపి, పావుగంట చిలికాను. వెన్నయినా వచ్చేదేమో గాని నురగ రాలేదు. నాలుగు బుడగలు లేచి, నా మొహం చూసి, మళ్ళీ మునిగిపోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కవ్వాన్ని తిట్టాను, గిన్నెను తిట్టాను, రాజంపేట నుంచి నందికొట్కూరు దాకా ఉన్న దారినంతా తిట్టాను.

ఆ వీడియో కింద ఎవరో మహానుభావురాలు రాసింది: చల్లారాక కొడితే నురగ బాగా వస్తుందని. వెంటనే గిన్నె మీద మూత పెట్టి, పెరట్లో గాలి తగిలే గట్టు మీద పెట్టి వచ్చాను. ఆ గట్టు మీద అచ్చం అలాంటి గిన్నె ఇంకోటి మూత పెట్టి ఉంది. రెండూ మా పెళ్ళికి వచ్చిన ఒకే సెట్టువి. అందులో ఏముందో నేను చూడలేదు.

మీకు చెప్పేస్తాను. అందులో ఉన్నది కుంకుడు రసం. మా అత్తకు అత్త, మా ఇంటి అవ్వ, ఎనభై దాటిన మనిషి. ఆదివారం చర్చికి పోవాలంటే శనివారం పొద్దుగూకక ముందే తలంటుకోవాల్సిందే. మా అత్త పొద్దున్నే కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి వడగట్టి ఉంచింది. ఎర్రగా, చిక్కగా, చూడటానికి అచ్చం డికాక్షనే.

హాల్లో ఆఖరి పాట మొదలైంది. పరుగున పోయి చేతికందిన గిన్నె తెచ్చాను. మూత తీస్తే ఇందాకటి కన్నా చిక్కగా కనిపించింది. చల్లారింది కదా అనుకున్నాను. వాసన సంగతి అడక్కండి. ఆరు డబ్బీలు పిండిన ముక్కుకు ప్రపంచమంతా కాఫీ వాసనే.

కవ్వం పెట్టి రెండు తిప్పులు తిప్పాను. అయ్యా, ఏం చెప్పమంటారు! నురగ! గిన్నె సగానికి వచ్చింది, నిండింది, అంచు దాటింది. తెల్లగా, మెత్తగా, కవ్వం తీస్తే కొమ్ములా నిలబడింది. వీడియోలో ఆమెకు కూడా అంత రాలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కష్టపడితే ఫలితం ఉంటుందని పెద్దలు ఊరికే అన్నారా? రంగు కాస్త తగ్గిందేమిటన్న అనుమానం వచ్చింది గాని, ఖరీదైన కాఫీ అలాగే ఉంటుందని నేనే జవాబు చెప్పుకున్నాను. పన్నెండు గాజు గ్లాసుల్లో చల్లటి పాలు పోసి, పైన గోపురాల్లాగా నురగ పెట్టి, ట్రేతో హాల్లోకి నడిచాను. పెళ్ళిపీటల మీదికి కూడా అంత గర్వంగా నడవలేదు.

"అబ్బా!" అన్నారు అందరూ. మా అత్త చుట్టూ ఒకసారి తిరిగి చూసిందంతే.

పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆమె గ్లాసుల మీద ఆశీర్వాదం చెప్పింది. అందరూ ఒకేసారి ఎత్తారు. అందరూ ఒకేసారి ఆగారు.

ఉపవాసం విడిచేటప్పుడు ఇచ్చింది వద్దనకూడదు. ఆశీర్వదించినదాన్ని ఉమ్మకూడదు. కాబట్టి పన్నెండు గొంతులు కష్టపడి మింగాయి. ఆ చప్పుడు నాకు వినబడింది.

"చేదు రవ్వంత ఎక్కువుండాదేమ్మా?" అంది అమ్మగారు, దయగా.

"ఈ జాతి కాఫీ అంతేనండి అమ్మగారూ. ఎంత చేదుంటే అంత గొప్పది" అన్నాను.

"అట్లనా" అని ఆమె కళ్ళు మూసుకుని ఇంకో గుక్క వేసింది. ఆమె తాగాక మిగతావాళ్ళకు తప్పుతుందా? వాళ్ళూ వేశారు.

మార్తమ్మ అని మా చర్చిలో ఎవరి వంటకైనా వంక పెట్టే మనిషి ఉంది. ఆమె మూతి మీద తెల్లటి మీసం. "ఏమ్మే సునందా, ఇది నాలిక మీద ఇంకా పెరుగుతాండాదే?" అంది. అనడం పూర్తి కాలేదు, ఆమె పెదాల మధ్యలోంచి చక్కటి బుడగ ఒకటి వచ్చి, ఎండలో రంగులు తిరిగి, పటుక్కున పగిలింది. కూడికంతా ఆమె మూతి వైపే చూసింది. నేను మాత్రం, అంత నాణ్యమైన నురగ ఎక్కడా చూసి ఉండరని లోపల మురిసిపోతున్నాను.

అప్పుడు పెరటి స్నానాలగదిలోంచి అవ్వ గొంతు లేచింది.

"ఒసే కరుణా! ఇవేం కుంకుళ్ళే? ఎంత రుద్దినా నురగే రాల్యా! తలంతా బంక బంక! యాడ కొన్నావే వీట్ని?"

మా అత్త లేచింది. అవ్వే ఎదురొచ్చింది, చీర చుట్టుకుని, తల నీళ్ళోడుతూ. వెండిలాంటి ఆ జుట్టంతా బెల్లం రంగుకు తిరిగింది. చెంపల మీదుగా గోధుమరంగు ధారలు. ఆమె వెంట ఇల్లంతా కమ్మటి కాఫీ వాసన.

పన్నెండు మందీ అవ్వ తలను చూశారు. తర్వాత చేతుల్లో గ్లాసుల్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. నాకు అప్పుడు అర్థమైంది. భూమి చీలి లోపలికి పోదామనుకున్నాను గాని, మా హాల్లో కొత్తగా బండలు పరిచారు.

"అంటే..." అంది మార్తమ్మ, ఇంకో బుడగతో సహా. "మేము తాగినేది..."

"కుంకుడు రసం" అంది మా అత్త. ఎంత ప్రశాంతంగా అందో! "తప్పు పాపది గాదు. పాప నన్ను గిన్నె తెచ్చియ్యమన్నాది. నేనే చూసుకోకుండా ఆ గిన్నె తెచ్చిస్తి. తిట్టేదుంటే నన్ను తిట్టండి."

నేను నోరు తెరిచాను. ఆమె ఒక్క చూపు చూసింది, మళ్ళీ మూశాను. ఆ మధ్యాహ్నం ఆమె వంటింటి గడప తొక్కనే లేదు. అబద్ధం ఆడితే చిన్నపిల్లలనైనా గోడకు నిలబెట్టే మనిషి. ఈ ఆరేళ్ళలో ఆమె నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. అదీ ఉపవాస కూడికలో, అమ్మగారి ఎదుట, నా కోసం. ఆ క్షణంలో నాకు సిగ్గు కన్నా గర్వమే ఎక్కువ కలిగింది. ఇంత మనిషి నాకు అత్త అయిందని.

ముందు నవ్వింది అమ్మగారే. నవ్వితే ఆమెకూ ఒక బుడగ వచ్చింది. ఇక ఆగలేదు ఎవరూ. పెరట్లో కుళాయి దగ్గర వరస కట్టి పుక్కిలిస్తూ, ఉమ్ముతూ, ఒకరి వీపు ఒకరు చరుస్తూ నవ్వారు.

"అవ్వా, నీ తల మాత్రం గమగమ వాసనొస్తాండాది" అంది మార్తమ్మ.

అవ్వ తడి జుట్టు పాయ ఒకటి ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకుంది. "నిజమే. శానా బాగుండాది" అంది. నలభై ఏళ్ళలో ఈ ఇంట్లో దేన్నీ బాగుందనని మనిషట ఆమె.

"కరుణమ్మక్కా, నోరు కడుక్కున్యాం గాని కడుపు కాలిపోతాండాది. రవ్వంత టీ పెట్టకూడదా?" అన్నారెవరో.

మా అత్త వంటింటి వైపు కదల్లేదు. చాప మీద అమ్మగారి పక్కన సర్దుకుని కూర్చుంది. "నన్నెందుకడుగుతారు? పొయ్యి మా కోడలిది. పో సునందా, టీ పెట్టి తీసకరా" అంది.

వంటింట్లో నాకు అగ్గిపుల్ల గియ్యడానికి మూడుసార్లు పట్టింది. టీ పెట్టాను, అల్లం దంచి వేశాను, ఉపవాసం ఎలాగూ విడిచారు కాబట్టి రుచి చూశాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. మార్తమ్మ తన గ్లాసును ముందు వాసన చూసింది, తర్వాత వేలు ముంచి బుడగ వస్తుందేమోనని రుద్ది చూసింది. ఆ తర్వాత తాగింది. గ్లాసు ముందుకు చాపి, "ఇంకొంచెం పొయ్యి" అంది. ఆ మనిషి రెండోసారి అడగడం మా చర్చిలో ఎవరూ చూడలేదు.

పాఠకులారా, మీ అందరి ఎదుట కవ్వం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. మూత తీసి, ముక్కు దగ్గర పెట్టి, వేలు ముంచి, పేరు పెట్టి పిలిచి చూడనిదే ఇక ఏ గిన్నెలోనూ కవ్వం పెట్టను. నురగను చూసి మనిషి విలువ గాని, కాఫీ విలువ గాని కట్టను. ఆ మిషనుతో బతికుండగా నురగ కాఫీ చెయ్యను. ఇది ఖాయం.

మిషను మూలన పడిందనుకోకండి. ప్రతి శనివారం సాయంత్రం పని చేస్తోంది. అవ్వ తలకు రెండు డబ్బీలు, చక్కెర లేకుండా.