కాలవలో చందువ

గాలం వేసి చేపలు పట్టడమంత నిరపాయమైన కాలక్షేపం లోకంలో లేదంటారు. అరుపులుండవు, కేకలుండవు, దెబ్బలాటలుండవు. అలాంటిదాంతో నా పెళ్ళిని కాలవలో కలపబోయిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

పెళ్ళిచూపుల్లో అవనిగడ్డ అమ్మాయి గ్రేస్‌ని చూసి ఆ పూటే ఊఁ అన్నాను. తనూ ఊఁ అంది. ఇక అనాల్సింది వాళ్ళ నాన్నగారు ఇమ్మానుయేలు మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. శనివారమొస్తే చాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలవ గట్టున గాలంతో కూర్చుంటారు.

"గాలం దగ్గర కుదురుగా కూర్చోలేనివాడు కాపురంలో ఏం కూర్చుంటాడు బాబూ? నీకు అలవాటుందా?" అనడిగారు.

"గాలమంటే ప్రాణమండీ!" అన్నాను. నిజానికి గుడివాడలో మా ఇంట్లో చేప నాకు పులుసులో ముక్కగానే పరిచయం.

మొదటి శనివారం ఆయనే ఒక గాలం సిద్ధం చేసి చేతికిచ్చారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, కూర్చుని చూస్తే గాలానికున్న బెండు కూడా కదలదండీ. గట్టున బర్రె నెమరేస్తుంటే అదే నాకు సినిమా. ఫోను తీస్తే మాస్టారు గుర్రుగా చూస్తారు. దగ్గితే "చేపలు బెదురుతాయి" అంటారు. సాయంత్రానికి ఇద్దరికీ ఒక్క చేపా పడలేదు. ఆయన మొహంలో మాత్రం ఎంత ప్రశాంతతో!

రెండో వారం ఇంకా ఘోరం. కూర్చునే నిద్రపోయి, గట్టు మీంచి జారి మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగాను. "వచ్చే వారంతో తేల్చేద్దాం" అన్నారు మాస్టారు. నా గుండె కూడా జారింది. ఒక్క చేప పట్టి చూపిస్తే తప్ప గ్రేస్ దక్కదనుకున్నాను. అప్పుడు నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. కొంప మునిగేది ఎప్పుడూ అప్పుడే.

నా ఉద్యోగం బందరులో. శుక్రవారం సాయంత్రం చేపల మార్కెట్టుకెళ్ళాను.

"పులుసుకా, వేపుడుకా బాబూ?" అంది చేపలావిడ.

"చూడ్డానికండీ. అందంగా ఉండాలి."

ఆవిడ నావైపు జాలిగా చూసి, పళ్ళెంలా వెడల్పుగా తళతళలాడేదాన్ని తీసిచ్చింది. దాన్ని నా గదిలో ఫ్రీజర్లో పెట్టి, తెల్లారి క్యారేజీ సంచిలో దాచి, అవనిగడ్డ బస్సెక్కాను.

గట్టు మీద మాస్టారు టీకని లేవగానే నా గాలం పైకి లాగాను. కొక్కేనికి ఎర లేదు. చేపలు తినేసుంటాయనుకుని నా చేపని తగిలించి వదిలాను. చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదంటారు. గడ్డకట్టిన చేప సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, రాయిలా మునిగింది. ఆయనొచ్చి కూర్చోగానే "పడిందండోయ్!" అని అరిచి లాగాను. అది గట్టు మీద పడి టంగుమంది.

మాస్టారు వంగి చూశారు. "చందువ."

"అవునండీ, చందువేనండీ!"

"ఇది సముద్రపు చేప బాబూ. అది మంచినీళ్ళ కాలవ."

నేను కాలవ వైపు చెయ్యి చూపించాను. "కాలవ పోయేది సముద్రంలోకే కదండీ... ఎదురీదుకుంటూ వచ్చుంటుందండీ."

మాస్టారు చేపని వేలితో తట్టారు. తలుపు కొట్టినట్టు చప్పుడైంది. "దారిలో చలేసినట్టుంది" అన్నారు.

ఇంకేం దాస్తాను? లేచి చేతులు కట్టుకున్నాను. "మార్కెట్లో కొన్నాను మాస్టారూ. గ్రేస్ నాకు దక్కదేమోనని భయమేసిందండీ." నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన తన గాలం పైకెత్తి చూపించారు. ఖాళీ కొక్కెం.

"ఎర పెట్టలేదాండీ?"

"ఎప్పుడూ పెట్టను. నీదానికీ పెట్టలేదు. పెడితే చేప పడుతుంది. పడితే లేవాలి, లాగాలి, ఇంటికెళ్ళి తోమాలి. ప్రశాంతంగా కూర్చుందామని వచ్చి ఆ గొడవంతా ఎందుకు?" అని గట్టు అదిరేలా నవ్వారు. "పోయినవారం నిద్రపోయావు చూడూ, అప్పుడే అనుకున్నాను మనవాడేనని. ఈ సంగతి మీ అత్తగారితో మాత్రం అనకు."

మీ అత్తగారు! ఆ మాటకి మళ్ళీ కాలవలో పడబోయి తమాయించుకున్నాను.

ఇంటికెళ్ళాక అత్తగారు ఆ చేపని అటూ ఇటూ తిప్పి చూసి, "కాలవలో చందువేంటండీ?" అన్నారు.

మాస్టారు చెప్పులు విప్పుతూ, "ఎదురీదుకుంటూ వచ్చిందే, పాపం" అన్నారు.

ఆ చందువ వేపుడు సాక్షిగా ప్రమాణం చేశాను, ఈ జన్మలో మళ్ళీ చేప పట్టనని. పెళ్ళయి ఇన్నాళ్ళయినా మాట తప్పలేదు. ప్రతి శనివారం మావయ్యగారి పక్కన గాలం వేసుకుని కూర్చుని మరీ నిలబెట్టుకుంటున్నాను.