వల మీద నూకాలు అడుగులు

ఈ రోజు సాయంత్రం నేనూ, మా అబ్బాయి అప్పన్నా ఒడ్డున కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాము. రేపు తెల్లవారుజామున వేటకెళ్లాలి. కొన్నాళ్లుగా చేపలు సరిగ్గా పడక మా ఇంట్లో ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

అప్పన్న కూతురు నూకాలుకి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. పరిచిన వల మీదికి ఎక్కేసి, వల కన్నుల్లో కాలి వేళ్లు దూర్చి చూసుకుంటూ ఒకటే నవ్వు.

"తాతా, సూడు! నా ఏలు కిటికీలోంచి సూత్తంది!"

మాలో వల తొక్కకూడదు. తొక్కితే గంగమ్మ చేపలివ్వదంటాము. ఆ మాట చెప్పి మా వాణ్ణి పెంచింది నేనే. వాడు సూది పారేసి లేచాడు.

"దిగవే! రేపు ఏట దొరక్కపోతే తిండెక్కడిదే?" అని చెయ్యెత్తాడు. పిల్ల ఏడుపందుకుంది.

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఒరే, ఇన్నాళ్లూ ఎవుడూ తొక్కనేదు కదా! ఎన్ని సేపలు పడ్డాయేటి?"

"అది కాదయ్యా, రేపు ఉత్త వలతో వత్తే అందరూ దీన్నే అంటారు" అన్నాడు వాడు.

అదీ నిజమే. చెప్పులు విడిచి నేనే వల మధ్యకి నడిచాను. పిల్ల పక్కన నిలబడి నా వేలు కూడా ఒక కన్నులో దూర్చాను. అది కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

మా పేటవాళ్లూ, వినండి. రేపు వల ఖాళీగా వస్తే తొక్కింది నేను. అనేదేదో నన్నే అనండి.