ఏడుపులో అన్న మాట

మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, పోయిన నెల చెడుగుడు ఆడుతూ చనిపోయాడు. ఆ వార్త మీలో చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. రేడియోలో కూడా చెప్పారు. ఆయన గురించి ఏడాది గడిచాక, గుండె కొంచెం కుదుటపడ్డాక రాద్దామనుకున్నాను. అంత గడువు లేదు. వచ్చే జనవరి ఇరవయ్యారున మా ఊరి ఆటస్థలం నడిమధ్య ఆయన జ్ఞాపకంగా సిమెంటు గద్దె కట్టడానికి పునాదిరాయి వేస్తున్నారు. ఆ తర్వాత అక్కడ ఎవరూ ఆడకూడదట. అది ఆయన్ని కన్నతల్లి కోరికట. ఆ తల్లి మా నాయనమ్మ. ఆమె అట్లా కోరలేదు. ఈ సంగతి చెప్పడానికే ఇప్పుడు రాస్తున్నాను.

మాది మాదాపూర్ గుట్టల వెనక చిన్న ఊరు. బస్సెక్కాలంటే బొంబాయి రోడ్డు దాకా నడవాలి. మా ఇంట్లో తాతల నాటి నుంచి రాళ్ళు కొట్టే పని. చిన్నాయన కూడా సమ్మెట పట్టినవాడే. చెడుగుడు బాగా ఆడతాడని విని జీడిమెట్లలో కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీ వాళ్ళు తమ జట్టు కోసం ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. మా ఇంట్లో మొదటి సైకిల్ ఆయనది. మొదటి పలక నాది. ఆ పలక కొన్నది కూడా ఆయనే.

నన్ను బడికి పంపడం నాన్నకు ఇష్టం లేదు. అమ్మతో పాటు కంకర కొట్టడానికి ఇంకో చెయ్యి ఉంటుందని ఆయన లెక్క. ఒక పొద్దున చిన్నాయన నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. నాన్న అడ్డం నిలబడ్డాడు.

"యాడికి రా పొద్దుగాల పొద్దుగాల?"

"బడికి."

"పని ఎవలు చేస్తరు?"

"కంకర యాడికి పోతదే అన్నా? సాయంత్రం దాక గాడనే ఉంటది. బడి గేటు మాత్రం మూస్తరు. జర జరుగు."

నాన్న జరిగాడు. ఇప్పుడు నేను నగరంలో బి.ఏ. చదువుతున్నాను. ఈ నాలుగు వాక్యాలు నా చేత్తో రాయగలుగుతున్నానంటే ఆ పొద్దున నాన్న పక్కకు జరగడం వల్లే.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి, ఎందుకంటే పత్రికలు వేటినీ రాయలేదు. ఆట ఉన్నరోజు అన్నం తినేవాడు కాదు. వేయించిన పల్లీలు, బెల్లం ముక్క జేబులో వేసుకొని, అడిగిన వాళ్ళందరికీ పంచి, ఆఖరికి తనకు మిగలక నవ్వేవాడు. బరిలోకి దిగే ముందు అందరూ మట్టి తీసి నుదుటికి అద్దుకుంటారు. ఆయన గొంతుకు అద్దుకునేవాడు. "నుదురు ఏం ఆడుతది? ఆడేది కూత కద" అనేవాడు. ఓడిపోయిన రోజు ఒంటి మీది మట్టి దులుపుకోకుండా ఇంటికొచ్చేవాడు. గెలిచిన రోజు బావి దగ్గర కడుక్కొని వచ్చేవాడు. అందుకని ఆయన మూల తిరిగేసరికే ఫలితం మాకు తెలిసిపోయేది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చాక, పొద్దు గుంకే ముందు, గుట్ట కింది ఆటస్థలంలో ఆయన మా ఊరి ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు. ముందు నేనొక్కదాన్నే. తర్వాత నా స్నేహితురాళ్ళు, వాళ్ళ చెల్లెళ్ళు. లంగాలు కాళ్ళకు చుట్టుకుంటున్నాయని దర్జీతో పైజామాలు కుట్టించాడు. మోకాళ్ళు చెక్కుకుపోకుండా రోజూ బావి నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి నేల తడిపేవాడు. బిందె నాయనమ్మది. బిందె సొట్టలు పోయిందని ఆమె రోజూ తిట్టేది. ఆయన రోజూ పట్టుకెళ్ళేవాడు.

ఊళ్ళో నవ్వేవాళ్ళు లేకపోలేదు. కల్లు దుకాణం దగ్గర కూర్చునే ఒక తాత ఒకరోజు పెద్దగా అడిగాడు.

"ఆడపోరిలకు చెడుగుడేందిరా? రేపు మొగని కాలు వట్టి గుంజుతరా?"

"గుంజాల్సిన మొగడైతె గుంజనియ్యి తాతా" అన్నాడు చిన్నాయన, బిందె దించకుండానే.

నేను మొదటిసారి కూతకు వెళ్ళినప్పుడు, గీత దాటగానే వెనక్కి తిరిగి చూశాను. ఆ క్షణంలోనే నన్ను పట్టేశారు. ఆయన కోప్పడలేదు. "కూతల ఉన్నప్పుడు ఎనకకు సూడకు బిడ్డా. గీత యాడున్నదో నీ కాలికి ఎరుకే" అన్నాడు. పరీక్ష హాల్లో, బస్సులో, పెద్ద ఆఫీసుల గుమ్మాల్లో ఈ మాట నన్ను చాలాసార్లు నడిపించింది.

ఆయన పోయిన రోజు మేం ఆడపిల్లలమంతా ఫ్యాక్టరీ జట్టు ఆట చూడ్డానికి నగరంలో ఆ మైదానంలోనే ఉన్నాం. చిన్నాయన కూతకు వెళ్ళాడు. ఇద్దర్ని తాకాడు. వాళ్ళు పట్టుకోబోతే జారి, పడి, చెయ్యి చాచి గీతను ముట్టుకున్నాడు. అంపైర్ ఈల వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన లేవలేదు. ఊరికే ఉడికిస్తున్నాడనుకొని ఇంకా గట్టిగా కొట్టారు. ఆ చప్పట్లు ఆగడానికి పట్టిన కాసేపటిని నేను మరచిపోలేను. దవాఖానలో డాక్టరు నాన్నతో చెప్పింది నేను విన్నాను. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఆయన గుండెను లోలోపల పాడు చేసిందట. ఆడకపోయినా, రాళ్ళు కొట్టుకుంటూ ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు ఇట్లాగే ఆగేదట. ఈ మాట ఏ పత్రికా వేయలేదు. ఊపిరి బిగబట్టి ప్రాణం పోగొట్టుకున్నాడని ఒకరు రాశారు. ఇది అనాగరికమైన ఆట, నిషేధించాలని ఇంకొకరు రాశారు.

మర్నాడు ఆయన్ని లారీలో ఊరికి తెచ్చారు. మియాపూర్ వైపు పల్లెల నుంచి, ఫ్యాక్టరీ నుంచి, నగరం నుంచి ఎంతమంది వచ్చారో చెప్పలేను. గుట్టల మీద కూడా మనుషులే. చాలామంది నిజంగా ఏడ్చారు. వాళ్ళకు నేను మొక్కుతాను. కొంతమంది ఫోటోగ్రాఫర్ వచ్చేదాకా దండ చేతిలో పట్టుకొని ఆగారు. ఒక నాయకుడు ఆయన పేరు పక్కవాణ్ణి అడిగి తెలుసుకొని ఉపన్యాసం మొదలుపెట్టాడు.

అప్పుడు మా నాయనమ్మ ఏడ్చింది.

మా వైపు ముసలివాళ్ళు ఏడ్వడమంటే కన్నీళ్ళు కార్చడం ఒక్కటే కాదు. పోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తూ, రాగం తీస్తూ, అడుగుతారు, నిందిస్తారు. వాడు ప్రేమించినవాటినన్నిటినీ ఒక్కొక్కటే తీసుకొని శాపనార్థాలు పెడతారు. తిన్న కంచాన్ని, నడిచిన దారిని, కట్టిన ఎడ్లను. ఎంత ఇష్టమైనదైతే అంత గట్టి తిట్టు. విన్నవాళ్ళెవరూ దాన్ని కోరికనుకోరు. పక్కనున్న ఆడవాళ్ళు అందుకొని ఇంకో తిట్టు కలుపుతారు. నాయనమ్మ ఆయన సైకిల్‌ని తిట్టింది, తన బిందెను తిట్టింది, ఆఖరికి ఆటను పట్టుకుంది.

"నిన్ను పిలిసిన కూత మూగవోను కొడుకా! నువ్వు తొక్కిన జాగ తగలవడ! ఆ ఆట మట్టిల కలువ! ఆడేటోళ్ళ కాళ్ళు ఇరగ!"

వాకిట్లో నిలబడి ఒక విలేఖరి ఇదంతా రాసుకుంటున్నాడు. నగరం మనిషి, మర్యాదస్తుడే. "ఆవిడ ఏమంటున్నారండీ?" అని పక్కవాళ్ళను అడిగి మరీ రాసుకున్నాడు. వాళ్ళు మాట చెప్పారు. అది ఏడుపు అని ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళో ఎవరికీ అది చెప్పాల్సిన సంగతి అనిపించదు.

మర్నాటి పత్రికలో మొదటి పేజీలోనే వచ్చింది. "ఈ ఆట మట్టిలో కలవాలి: క్రీడాకారుని తల్లి ఆవేదన." కింద ఆయన ఫోటో. అది మా ఆడపిల్లల జట్టు మధ్య నిలబడి దిగిన ఫోటో. మమ్మల్ని కత్తిరించేశారు. అంచున ఒక మోచెయ్యి మిగిలింది. అది నాది.

ఇంట్లో చదవగలిగినదాన్ని నేనే. నాయనమ్మ పక్కన కూర్చోబెట్టుకొని చదివించుకుంది.

"గీ మాటలు నేనే అన్న" అంది.

"అవును నాయనమ్మా."

"అంటె? ఏడ్పుల అనకుంటె యాడ అంటరు? మీ తాత పోయిననాడు బాయిని తిట్టిన, ఎండిపోను అన్న. బాయి పూడ్సిన్రా? తెల్లారి గదే బాయి నీళ్ళు తాగలేదా ఊరంత?"

"సైకిల్‌ని గూడ తిట్టినవు."

"మరి సైకిల్ గురించి ఎందుకు రాయలె? దానికేం రోగం?"

ఆయన పోయాక ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినపడింది అప్పుడే. నాయనమ్మే నవ్వి, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది.

నేను ఆ పత్రికాఫీసుకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన కుర్చీ వేయించారు, టీ ఇప్పించారు, ఓపిగ్గా విన్నారు.

"అమ్మాయ్, మేమేమీ కల్పించలేదు కదా. ఆవిడ అన్నదే వేశాం. ఒక్క అక్షరం మార్చలేదు."

"మార్చలేదండి. ఏడుపు తీసేశారు" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. సవరణ వేస్తామని గాని, వేయమని గాని అనలేదు. ఇవాళ్టి దాకా వేయలేదు.

ఈలోగా ఊళ్ళో పంచాయతీ కూర్చుంది. ఆడపిల్లల ఆట ఇష్టం లేనివాళ్ళకు ఇన్నాళ్ళూ ఒక కారణం దొరకలేదు. ఇప్పుడు కన్నతల్లి మాటే దొరికింది. ఆ మాట మన్నించి ఆట ఆపాలని, ఆ స్థలంలో గద్దె కట్టాలని, రాయి వేయడానికి ఆ నాయకుణ్ణే పిలవాలని తీర్మానించారు. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకొని వెళ్ళింది. సర్పంచ్ ఆమె కళ్ళముందు పెరిగినవాడు.

"ఏంది కొడుకా, నా పేరు మీద నా కొడుకు జాగ మూస్తున్నవట?"

"నువ్వన్నదే గద పెద్దమ్మా."

"ఇప్పుడు నేనే చెప్తున్న గద, వద్దని."

"ఇగ కుదరదు పెద్దమ్మా. పేపర్ల పడ్డది. పేపర్ల పడ్డంక అది నీ మాట కాదు, లోకం మాట. నువ్వు ఫికర్ వడకు, గద్దె మంచిగ కట్టిపిస్తం."

"పేపర్ల పడకముందు నా మాట ఎన్నడన్న విన్నవారా నువ్వు?"

సర్పంచ్ చేతిలోని పేపరు ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మా చిన్నాయన చావుకు దుఃఖపడిన లోకానికి నేను కృతజ్ఞురాలినే. కాని ఆ దుఃఖం ఆయన ఇన్నేళ్ళు తడిపిన నేల మీద సిమెంటు పోస్తానంటే, వద్దంటాను. ఆయన్ని తలచుకోవడానికి మాకు గద్దె అక్కర్లేదు. ఆడడానికి స్థలం కావాలి. చనిపోయినవాడి మీద గౌరవం పేరుతో, బతికున్న ఆడపిల్లల్ని ఇంటికి పంపడం ఆయనకు జరిగే రెండో చావు. మొదటిదాన్ని ఎవరూ ఆపలేకపోయారు. దీన్ని ఆపగలం.

గద్దె ఎక్కడ రావాలో చూపిస్తూ పంచాయతీవాళ్ళు ఆటస్థలం మధ్యలో సున్నంతో చతురస్రం గీసి వెళ్ళారు. అది సరిగ్గా మా నడిగీత మీద పడింది. ఆ సాయంత్రం నాయనమ్మ సొట్టల బిందె చంకనెత్తుకొని వచ్చింది. బావి నుంచి నీళ్ళు తెచ్చి, ఆయన చల్లినట్టే, ఒక మూల నుంచి మొదలుపెట్టి చల్లింది. సున్నం కరిగి మట్టిలో కలిసింది. నేను మడమతో నడిగీత గీశాను. నేల చూసుకోలేదు, వంకర పోలేదు. నాయనమ్మ గట్టు మీద కూర్చొని, "ఇగ ఆడుండ్రి, నేను సూస్త" అంది. పిల్లల్లో చిన్నది వంగి, చిటికెడు తడిమట్టి తీసి, గొంతుకు అద్దుకుంది.

పంచాయతీవాళ్ళు మళ్ళీ సున్నం గీశారు. నాయనమ్మ మళ్ళీ నీళ్ళు చల్లుతోంది. ఈ పని ఇరవయ్యారు దాకే సాగుతుంది. ఆనాడు వచ్చేది సున్నం కాదు, సిమెంటు. అది బిందెడు నీళ్ళకు కరగదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఆ రోజు మా వాకిట్లో నిలబడి నాయనమ్మ గొంతు విన్నవాళ్ళు వందలమంది ఉన్నారు. మీరు విన్నది కోరిక కాదు, ఏడుపు అని ఒక కార్డు ముక్క మీద రాసి, మీ పేరు, ఊరు వేసి పంపండి. ఆ రోజు రాలేకపోయినా, ఇంట్లో ఇట్లా ఏడ్చిన అమ్మలూ అవ్వలూ ఉన్నవాళ్ళు కూడా రాయండి. మీరిది చదువుతున్న ఈ పత్రిక చిరునామాకు పంపితే నాకు అందుతాయి. వాటిని సర్పంచ్ ముందు నేనే గట్టిగా చదువుతాను. లోకం మాటే కావాలన్నాడు కదా, వింటాడు. జనవరి ఇరవైలోగా మీ జవాబు రావాలి.