గుంత వస్తాంది సామీ

నంద్యాల బస్టాండులో బస్సు ఆగి బుస్సుమని గాలి వదిలితే సగం ఊరు ఉలిక్కిపడుతుంది. నేను మాత్రం, ఆళ్లగడ్డ ఖాదరన్న లారీ వచ్చి నిలబడిందేమోనని నా కారులోంచి తల తిప్పి చూస్తాను. ఆ లారీ లేదు, ఖాదరన్నా లేడు. తల మాత్రం తిరుగుతూనే ఉంది.

ఖాదరన్న మా ఓనరు. నేను ఆయన దగ్గర రెండో డ్రైవర్ని. అంటే ఆయన తుమ్మేటప్పుడు మాత్రమే స్టీరింగు నా చేతికొచ్చేది. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవుళ్ళను ఊరూరి గుళ్ళకు చేర్చడం మా పని. ఆ లారీ మామూలుది కాదు. చక్రాల మీద స్ప్రింగులకు బదులు గాలి బుడగలుండేవి. బరువు పడితే అవే ఉబ్బి, గుంత వస్తే అవే తగ్గి, అంతా ఆటోమేటిక్. ఆగినప్పుడల్లా బుస్సుమని గాలి వదిలేది. అందులో పడుకుని నంద్యాలకు వచ్చినవాణ్ణి నిద్ర లేపాలంటే నలుగురు మనుషులు, ఒక డప్పు కావాలి. అయినా ఖాదరన్నకు బుడగల మీద నమ్మకం చాలదు. విగ్రహాన్ని రోడ్డు కనబడేలా ముందుకు తిప్పి కట్టించి, క్యాబిన్ వెనక కిటికీలోంచి దారి పొడుగునా కేక వేసేవాడు: "సామీ, గుంత వస్తాంది. పట్టుకో!"

"రాయికి ఏం వినపడతాదన్నా?" అన్నాను ఒకసారి.

"దానికి వినపడకపోతే పోనీప్పా. చెప్పినాక నా కాలు బ్రేకు మీదికి పోతాది కదా," అన్నాడు.

శిల్పి బ్రహ్మయ్యాచారి తన దేవుళ్ళను ఇంకెవరి బండీ ఎక్కించేవాడు కాదు. చెవి కొన విరిగినా విగ్రహం పూజకు పనికిరాదు. ఖాదరన్న చేతిలో ఒక్క ముక్కూ, ఒక్క వేలూ పోలేదు. ఆయన మీసం ఆ గర్వంతోనే పెరిగిందని నా అనుమానం. మలుపుల్లో ఎదురు బండ్లకు తగిలేంత ఉండేది.

అలాంటి బండికి గాలి కారడం మొదలైంది. తెల్లారేసరికి ఒక పక్కకు ఒరిగి, అలిగిన పెళ్ళికొడుకులా కూర్చునేది. రుద్రవరం అవతల పల్లెకు నందిని చేర్చాలి; ప్రతిష్ఠ దగ్గరపడింది. మెకానిక్కు తేల్చేశాడు: "కొత్త బుడగలు రావాలంటే నెల పడతాదన్నా. ఇవి పీకేసి మామూలు స్ప్రింగులు, షాకబ్జార్బర్లు ఏస్తా. జానెడు పైకి లేపుతా. రాళ్ళదారిలో బండి అడుగు నేలకు తగల్దు."

"మెత్తదనం పోతాదేమోప్పా?"

"ఏనుగు మాదిరి ఉంటాది, చూడు!"

నిజంగానే ఏనుగైంది. క్యాబిన్లోంచి చూస్తే యాగంటి కొండ కూడా కిందే ఉన్నట్టుంది. బజారు బజారంతా వచ్చి మెచ్చుకుంది. నేను ఈల వేశాను. ఖాదరన్న ఒక్కడే ఆ బుస్సు కోసం చెవి ఒగ్గి, "మూగదైపోయినాదే," అన్నాడు.

రుద్రవరం దాటాక గుంత వచ్చింది. ఆయన కేక వేశాడు. కాలు ఎప్పటిలాగే బ్రేకు మీదికి పోయింది. బండి మాత్రం ఎప్పటిలా మెత్తగా దిగలేదు, ఎగిరింది. వెనక టక్కుమంది. దిగి చూస్తే నంది చెవి ముక్క విరిగి పడి ఉంది.

బ్రహ్మయ్యాచారి తిట్టలేదు. ముక్కను అరచేతిలో తిప్పి చూసి, "ఇంకోటి చెక్కుతాలే ఖాదరా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నెల ఆగింటే సరిపోయేది," అన్నాడు ఖాదరన్న, మా ఇద్దరి వైపూ చూడకుండా.

కొత్త నంది సిద్ధమైందని ఆచారి కబురు పంపినా ఆయన పోలేదు. ఆ తర్వాత మా లారీ ఎక్కినవన్నీ వడ్ల బస్తాలే. "బస్తాలకు ముక్కులుండవు, చెవులుండవు," అనేవాడు. దారిలో కేకలు ఆగిపోయాయి. మీసం కూడా, ఉన్నమాటే చెబుతున్నాను, సగమైంది.

నేను బాడుగకు తిప్పడానికి కారు కొనుక్కున్నాక, జబ్బుపడిన ఆయన్ని నంద్యాల ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. శిరివెళ్ళ దగ్గర నా నోటి నుంచి దానంతటదే వచ్చేసింది: "అన్నా, గుంత వస్తాంది."

వెనక సీట్లో కళ్ళు తెరవకుండానే, "నేనూ బస్తానేలేప్పా. పోనీ," అన్నాడు.

పోనివ్వలేదు. గడ్డి ట్రాక్టర్లు హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా నంద్యాల దాకా నడిపాను. ఇందులో మాత్రం ఒక్క అక్షరం పెంచి చెప్పడం లేదు.

ఇప్పటికీ గుంత ముందు చెబుతాను. ఎక్కినవాళ్ళు ఫోన్లలోంచి తల ఎత్తరు. నా కాలు మాత్రం బ్రేకు మీదికి పోతుంది.